పక్షవాతం తర్వాత చెయ్యి: రోబో కొనాలా, వద్దా?

గత ఏడాది రంజాన్ చివరి పది రోజుల్లో ఒక దాత మన సొసైటీ ఆఫీసుకు వచ్చారు. చేతిలో ఒక రంగుల బ్రోచరు ఉంది. అందులో ఒక కుర్చీ, దాని ముందు బల్ల, బల్లకు బిగించిన ఒక ఇనుప చెయ్యి, ఎదురుగా టీవీ తెర. ఆ ఇనుప చేతిలో తన చెయ్యి పెట్టుకుని ఒక పెద్దాయన నవ్వుతున్నారు. "మా అమ్మీ చివరి నాలుగేళ్ళు కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకునే గడిపారు. ఆమె పేరు మీద ఈ రోబో మన ఫిజియోథెరపీ గదిలో పెట్టిస్తాను సెక్రటరీ సాబ్. ఖర్చు సంగతి నేను చూసుకుంటాను" అన్నారు.

అలాంటి మాటను ఎవరు కాదంటారు? మేమూ కాదనలేదు. "కొంచెం గడువు ఇవ్వండి భాయ్, ఈ యంత్రం నిజంగా ఏం చేస్తుందో తెలుసుకుని చెబుతాం" అన్నాం. ఆయన ముఖం చిన్నబోయింది. ఆ రోజు మాకూ నిద్ర పట్టలేదు. వచ్చిన దానాన్ని ఆపితే అదొక బాధ్యత, తొందరపడి తీసుకుంటే ఇంకొక బాధ్యత.

తర్వాత కొన్ని నెలల పాటు కమిటీలో ముగ్గురం ఈ పని మీదే ఉన్నాం. నరాల డాక్టర్లను అడిగాం, ఫిజియోథెరపిస్టుల పక్కన కూర్చుని చూశాం, అచ్చయిన పరిశోధనలు తెప్పించుకుని, అర్థం కానిచోట చెప్పించుకుని చదివాం. ఆయనకు చెప్పిన సంగతులే ఇప్పుడు దాతలందరి ముందూ పెడుతున్నాం. ఈ సంవత్సరం ఇంకా ఇద్దరు అదే ప్రశ్న అడిగారు కూడా.

చెయ్యి చచ్చుబడలేదు

మన ఇళ్ళలో దీన్ని ఫాలిజ్ అంటాం, లఖ్వా అంటాం. "చెయ్యి చచ్చుబడింది" అని కూడా అంటాం. ఈ చివరి మాట వల్ల చాలా నష్టం జరుగుతోంది. చెయ్యి చచ్చుబడలేదు. కండలు, ఎముకలు, కీళ్ళు అన్నీ ఉన్నాయి. దెబ్బ తగిలింది మెదడుకు. మెదడులోని రక్తనాళానికి గడ్డ అడ్డుపడితే, లేదా నాళం చిట్లితే, ఆ భాగంలోని కణాలు చనిపోతాయి. మెదడు ఎడమ సగం కుడిచేతిని, కుడి సగం ఎడమచేతిని నడిపిస్తుంది. అందుకే దెబ్బ ఒక పక్క తగిలితే బలహీనత రెండో పక్క కనిపిస్తుంది.

"అబ్బా నడుస్తున్నారు, చెయ్యి మాత్రం రాలేదు." పక్షవాతం వచ్చిన ప్రతి ఇంట్లోనూ దాదాపు ఇదే మాట వింటున్నాం. దీనికి కారణం ఉంది. బిగుసుకుపోయిన కాలు కూడా కర్రలాగా ఒంటి బరువు మోస్తుంది. ఈడ్చుకుంటూనైనా మనిషి నడుస్తాడు. బిగుసుకుపోయిన చెయ్యి గ్లాసు పట్టుకోలేదు. వేళ్ళు విడివిడిగా కదలాలంటే మెదడు పైపొర నుంచి వెన్నుపాములోకి నేరుగా దిగే నరాల దారి బాగుండాలి. సరిగ్గా ఆ దారే చాలామందిలో తెగుతుంది.

దారి తెగితే ఇక అంతేనా అంటే, కాదు. బజారుకు వెళ్ళే పెద్ద రోడ్డు తవ్వేస్తే జనం గల్లీల గుండా వెళ్తారు. మొదట ఒకరిద్దరు, తర్వాత సైకిళ్ళు, తర్వాత ఆటోలు. నడిచే కొద్దీ గల్లీ దారి అవుతుంది. నడవకపోతే అక్కడ చెత్త పేరుకుంటుంది. మెదడులో జరిగేదీ ఇంచుమించు ఇదే. అమెరికాలో రాండాల్ఫ్ నూడో అనే శాస్త్రవేత్త 1996లో కోతుల మీద చేసిన పరిశోధన ఈ విషయంలో పేరుపొందింది. మెదడులో చేతిని నడిపే భాగం కొంత దెబ్బతిన్న కోతులతో, చిన్న గుంటల్లోంచి గింజల్లాంటి తిండి తీసుకునే పని రోజూ వందల సార్లు చేయించారు. చనిపోయిన కణాలు తిరిగి రాలేదు. కానీ మిగిలిన భాగంలో చేతికి సంబంధించిన జాగా నిలబడింది, పక్కకు కొంత విస్తరించింది కూడా. ఆ సాధన చేయించని కోతుల్లో ఆ జాగా ఇంకా కుంచించుకుపోయింది.

అంటే వాడుక లేకపోతే నష్టం రెండింతలు. ఈ సంగతినే ఎడ్వర్డ్ టౌబ్ అనే మరో శాస్త్రవేత్త ఇంకో కోణంలో చెప్పారు. మొదటి వారాల్లో రోగి చెయ్యి ఎత్తాలని చూస్తాడు, అది లేవదు. పదిసార్లు చూసి, మనసు విరిగి, రెండో చేత్తో పని కానిస్తాడు. కొన్నాళ్ళకు చేతిలో కొంత శక్తి వచ్చినా ఇక వాడడు, ఎందుకంటే వాడకపోవడమే అలవాటైపోయింది. దీనికి ఆయన కనిపెట్టిన వైద్యం వినడానికి మోటుగా ఉంటుంది. బాగున్న చేతికి రోజులో ఎక్కువసేపు మందమైన తొడుగు తొడిగి, బలహీనమైన చేత్తోనే పనులు చేయించడం. 2006లో అమెరికాలో 222 మంది మీద జరిగిన పరీక్షలో ఇది పనిచేస్తుందని తేలింది. అయితే మణికట్టును, వేళ్ళను కొద్దిగానైనా పైకి లేపగలిగే వారికే ఇది పనికొస్తుంది. చెయ్యి అస్సలు కదలని వారికి కాదు.

ఇక్కడ మన ఇళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. ఇంట్లో ఒకరికి పక్షవాతం వస్తే కోడలు అన్నం కలిపి తినిపిస్తుంది, మనవడు చొక్కా తొడుగుతాడు, కూతురు వుజూ చేయిస్తుంది. అంతా ప్రేమే. ఆ ప్రేమతోనే మనం చేతిని పూర్తిగా పనిలోంచి తీసేస్తున్నాం. ఇంకొకటి, బయట ఎవరూ మాట్లాడనిది. కుడిచెయ్యి పోయిన మనిషికి ఎడమచేత్తో అన్నం తినవలసి రావడం మన దగ్గర పెద్ద అవమానం. ధర్మం ప్రకారం అశక్తుడికి సడలింపు ఉందని అందరికీ తెలుసు. తెలిసినా దస్తర్ఖాన్ దగ్గర నలుగురి మధ్య కూర్చోలేరు. వలీమాలకు వెళ్ళడం మానేస్తారు. ఇంట్లో కూడా అందరూ తిన్నాక వంటగదిలో తింటారు. మా దగ్గరకు వచ్చేవారిని "మీకు ఏం రావాలని ఉంది?" అని అడిగితే ఎక్కువమంది చెప్పే మొదటి మాట నమాజ్‌లో చేతులు కట్టుకోవడం, రెండోది తన చేత్తో తాను తినడం. సంపాదన సంగతి ఆ తర్వాతే.

మందుల సంగతి కూడా చెప్పి ముందుకు వెళ్తాం. పావురం రక్తం పూయడం, నాటు మందు కోసం బస్సెక్కి ఊళ్ళు తిరగడం ఇంకా ఆగలేదు. పావురం రక్తంతో చెయ్యి రాదు. అంతకంటే పెద్ద నష్టం, ఆ తిరుగుడులో మొదటి రెండు మూడు నెలలు పోతాయి. మెదడు కొత్త దారులు వెతుక్కునే వేగం ఎక్కువగా ఉండేది ఆ నెలల్లోనే.

రోబో ఎందుకు పుట్టింది

సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన కేథరిన్ లాంగ్ బృందం 2009లో ఒక చిన్న లెక్క బయటపెట్టింది. మాకు ఈ మొత్తం చదువులో అన్నిటికంటే కళ్ళు తెరిపించిన లెక్క అదే. పక్షవాతం రోగులకు జరిగే ఫిజియోథెరపీ గంటల్లో పక్కన కూర్చుని, బలహీనమైన చెయ్యి పనికొచ్చే కదలికలు ఎన్నిసార్లు చేస్తోందో లెక్కపెట్టారు. సగటున 32 సార్లు. కోతుల చేత వందల సార్లు చేయిస్తే మెదడు మారింది, మనుషుల చేత 32 సార్లు చేయించి "రాలేదు" అంటున్నాం.

ఇది థెరపిస్టుల తప్పు కాదు. బరువైన చేతిని పట్టుకుని మూడు వందల సార్లు ముందుకూ వెనక్కూ కదిలిస్తే చేయించేవారి నడుము పడిపోతుంది. పైగా వారి ముందు ఇంకో ఎనిమిది మంది వరుసలో ఉంటారు. ఇలాంటి చోటే యంత్రం కావాలన్న ఆలోచన వచ్చింది.

అమెరికాలోని ఎం.ఐ.టి.లో నెవిల్ హోగన్, హెర్మానో ఇగో క్రెబ్స్ 1989లో ఈ పని మొదలుపెట్టారు. వారి రోబో పేరు ఎం.ఐ.టి. మానస్. మన చెవికి మనసు అని వినిపిస్తుంది గానీ లాటిన్‌లో మానస్ అంటే చెయ్యి. ఆ విద్యాసంస్థ నినాదంలోనే "మెదడు, చెయ్యి" అన్న మాటలున్నాయి, పేరు అక్కడి నుంచే వచ్చింది. 1994లో న్యూయార్క్ దగ్గరి బర్క్ ఆసుపత్రిలో మొదటిసారి రోగులతో దీన్ని వాడారు.

కార్ల ఫ్యాక్టరీలో రోబో ఎలా ఉంటుందో టీవీలో చూసే ఉంటారు. దానికి చెప్పిన చోటికి అది వెళ్తుంది, మధ్యలో మనిషి చెయ్యి ఉన్నా ఆగదు. రోగి చేతికి అలాంటిది కడితే ఎముక విరుగుతుంది. హోగన్ గొప్పతనం ఇక్కడ ఉంది. మనిషి నెడితే మెత్తగా లొంగే రోబోను ఆయన తయారుచేశారు. రోగి బల్ల ముందు కూర్చుంటాడు, ముంజేతిని తొట్టిలాంటి దానిలో పెట్టి పట్టీ కడతారు. తెర మీద మధ్యలో ఒక చుక్క, చుట్టూ ఎనిమిది చుక్కలు. వెలిగిన చుక్క వైపు చెయ్యి జరపాలి. యంత్రం ముందు ఆగి చూస్తుంది. రోగి తానే జరిపితే అది పక్కకు తప్పుకుంటుంది. సగంలో ఆగిపోతే మిగిలిన సగం తీసుకెళ్తుంది. దారి తప్పితే, పిల్లవాడికి సైకిలు నేర్పే తండ్రి సీటు వెనక పట్టుకున్నట్టు, మెల్లగా దారిలోకి తెస్తుంది. ఇలా ఒక్క పూటలో వెయ్యి కదలికల దాకా చేయించగలదు. విసుగు లేదు, నడుము నొప్పి లేదు. ప్రతి కదలిక ఎంత దూరం, ఎంత సూటిగా వెళ్ళిందో రాసి పెడుతుంది.

ఇంకో రకం రోబోలను భుజం నుంచి మణికట్టు దాకా కవచంలా తొడుగుతారు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో తయారైన ఆర్మిన్ ఆ రకం. మన దేశంలోనూ పని జరుగుతోంది. వెల్లూరు సి.ఎం.సి., ఐ.ఐ.టి. మద్రాసు కలిసి మణికట్టుకు, వేళ్ళకు సాధన చేయించే ప్లూటో అనే చిన్న రోబోను తయారుచేశాయి. ఐ.ఐ.టి. హైదరాబాద్ ఆసరాతో మొదలైన ఒక కంపెనీ ఆర్మేబుల్ అనే సాధనాన్ని తెచ్చింది. చేతి కదలికలతో తెర మీద ఆటలు ఆడిస్తూ సాధన చేయించేది అది. ఈ పనులు మన పక్కనే జరుగుతున్నాయని తెలిసి సంతోషించాం.

పరీక్షల్లో ఏం తేలింది

దాతలు ఈ భాగం నిదానంగా చదవాలని కోరుతున్నాం. బ్రోచరులో ఇది ఉండదు.

2010లో అమెరికాలోని మాజీ సైనికుల ఆసుపత్రులు నాలుగింటిలో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటిన 127 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు రోబోతో 12 వారాల్లో 36 సార్లు సాధన. రెండో గుంపుకు అంతే సమయం, అంతే తీవ్రతతో థెరపిస్టు చేతుల మీదుగా సాధన. మూడో గుంపుకు మామూలుగా జరిగే వైద్యం. 12 వారాలకు రోబో గుంపు మిగిలిన రెండు గుంపులకంటే స్పష్టంగా ముందుకు రాలేదు. 36 వారాలకు చూస్తే మామూలు వైద్యం కంటే రోబో గుంపు 66 మార్కుల కొలతలో దాదాపు 3 మార్కులు ముందుంది. థెరపిస్టు చేయించిన గుంపుకూ రోబో గుంపుకూ మాత్రం తేడా లేదు.

ఇందులో నిరాశపడవలసింది ఎంత ఉందో, సంతోషించవలసిందీ అంతే ఉందని మాకు అనిపించింది. ఆరు నెలలు దాటాక చెయ్యి ఇక మారదని చాలామంది అనుకునేవారు. అది నిజం కాదని తేలింది. పెరిగింది కొద్దిగానే, కానీ పెరిగింది.

తర్వాత ఇంగ్లండు, స్కాట్లాండుల్లో ఇంకా పెద్ద పరీక్ష జరిగింది, పేరు రాటుల్స్. న్యూకాజిల్‌కు చెందిన హెలెన్ రోడ్జర్స్ నాయకత్వంలో 770 మందితో చేశారు. ఫలితాలు 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. రోబో అదే ఎం.ఐ.టి. మానస్. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 45 నిమిషాలు, 12 వారాలు. మూడు నెలలకు చేతి పనితనంలో అనుకున్నంత మెరుగుదల సాధించినవారు రోబో గుంపులో 44 శాతం, థెరపిస్టులు అదనంగా చేయించిన గుంపులో 50 శాతం, మామూలు వైద్యం గుంపులో 42 శాతం. ఈ అంకెల మధ్య తేడా లెక్కకు నిలిచేది కాదు. రోబో గుంపులో కదలిక కొంత మెరుగైంది, కానీ ఆ మెరుగు గ్లాసు ఎత్తడంలోకి, గుండీ పెట్టుకోవడంలోకి రాలేదు. పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం లేదని కూడా వారే తేల్చారు.

రెండో వైపు మాట కూడా చెప్పాలి. 2018లో 45 పరీక్షలను, వాటిలోని 1619 మందిని కలిపి లెక్కవేసిన ఒక సమీక్ష, ఇలాంటి యంత్రాలతో చేతి బలం, పనితనం, రోజువారీ పనులు మెరుగవుతాయని చెప్పింది. మరి ఎవరిని నమ్మాలి? మేము నాలుగైదు సాయంత్రాలు దీని మీదే వాదించుకున్నాం. చివరికి మాకు అర్థమైనది ఇది. రోబోలో మహిమ ఏమీ లేదు. అది ఎక్కువసార్లు చేయిస్తుంది, ఫలితం ఆ ఎక్కువసార్ల నుంచి వస్తుంది. ఏ సాధనా లేని వారితో పోలిస్తే రోబో మేలు. అదే పనిని అన్నేసార్లు మనిషి చేయించగలిగితే రోబో అంతకంటే ఎక్కువ ఇవ్వదు. ఇంకొకటి, చుక్కలను వెంటాడటం బాగా వచ్చిన చెయ్యి చుక్కలను వెంటాడటంలోనే నేర్పరి అవుతుంది. రొట్టె తుంచడం రావాలంటే రొట్టె తుంచడమే చేయాలి.

మా కమిటీలో ఒకరు గట్టిగా ఒక అభ్యంతరం చెప్పారు. దాన్ని ఇక్కడ దాచడం న్యాయం కాదు. "ఇంగ్లండులో మామూలు వైద్యం అంటే మనిషికి ఎంతో కొంత థెరపీ దొరకడం. మన దగ్గర మామూలు వైద్యం అంటే డిశ్చార్జి కాగితం, మాత్రల చీటీ. ఏమీ లేనిచోట యంత్రమైనా ఉంటే మంచిదే కదా?" అన్నారు. మాట సరైనదే. కానీ యంత్రం తనంతట తాను పనిచేయదు. రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, భుజం సరిచేసి, పట్టీ కట్టి, ఎంత సాయం చేయాలో నిర్ణయించేది థెరపిస్టే. మనకు ఉన్నది ఒక్క థెరపిస్టు. ఆమె రోబో దగ్గర ఒక రోగితో కూర్చుంటే బయట ఐదుగురు ఆగాలి. యంత్రం పాడైతే బాగుచేసేవారు ఎక్కడి నుంచి రావాలి, ఎన్నాళ్ళు పడుతుంది? ఒక ధర్మాసుపత్రిలో దాతలు ఇచ్చిన ఖరీదైన యంత్రం గుడ్డ కప్పుకుని మూలన ఉండటం మేము స్వయంగా చూశాం. దాని మీద దాత తండ్రి పేరున్న ఇత్తడి పలక మాత్రం మెరుస్తోంది.

వేలి మీట, లెక్క పుస్తకం

ఈ చర్చలు జరుగుతుండగానే మన థెరపిస్టు అమ్మాయి ఒక పని మొదలుపెట్టింది. జిక్ర్ లెక్కకు వేలికి పెట్టుకునే చిన్న మీట ఉంటుంది కదా, అలాంటివి కొన్ని తెప్పించి రోగుల వెంట వచ్చేవారికి ఇచ్చింది. చెయ్యి ఒకసారి కదిలితే ఒక నొక్కు. అంతే.

ఆ రోజుల్లో వచ్చినవారిలో యాభై దాటిన ఒక టైలర్ మాస్టర్ ఉన్నారు. కుడిచెయ్యి పోయింది. భుజం, మోచెయ్యి కొంచెం కదులుతున్నాయి, వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. మొదటి రోజు అరగంట అయ్యాక ఆయన భార్య మీట చూసి, "ముప్పై ఎనిమిదే మేడమ్. నేను మూడొందలు అయ్యుంటాయనుకున్నా" అంది. రోజుకు ఎన్ని అన్న ప్రశ్న ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మొదలైంది. బల్ల మీద తువ్వాలు పరిచి దాని మీద చెయ్యి పెట్టి ముందుకు తోయడం, బట్టల క్లిప్పులు తీగకు పెట్టి తీయడం, శనగలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చడం. వీటిలో మొదటిది తప్ప మొదటి నెలలో ఆయనకు ఏదీ రాలేదు. రెండో నెలలో క్లిప్పు నొక్కగలిగారు. ఆ సాయంత్రం క్లిప్పు జేబుకు పెట్టుకునే ఇంటికి వెళ్ళారని ఆమె నవ్వుతూ చెప్పింది.

ఐదు నెలలకు ఎక్కడున్నారంటే, సూదిలో దారం ఎక్కించలేరు, కత్తెర పట్టలేరు. అవి వస్తాయని మేము ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. మిషను మీద గుడ్డ జారకుండా కుడిచేత్తో అదిమి పట్టుకుంటారు. కుర్తా తానే తొడుక్కుంటారు. మధ్యాహ్నం నుంచి షాపులో కూర్చుని కొలతలు చూసి మేనల్లుడికి కత్తిరింపు చెబుతున్నారు. రోబో మీద సాధన చేసి ఉంటే ఇంతకంటే బాగయ్యేదా? ఒక్క మనిషిని చూసి ఆ మాట ఎవరూ చెప్పలేరు. ఆయనకు సాధన లేకపోతే చెయ్యి బిగుసుకుని ఛాతీకి అతుక్కునేదని మాత్రం మా గదికి ఆలస్యంగా వచ్చిన ఎందరినో చూసి చెప్పగలం.

ఇంటి సాధన పనిచేస్తుందనడానికి ఆధారం ఉంది. కెనడాలో 2009లో 103 మంది మీద ఒక పరీక్ష జరిగింది. ఆసుపత్రిలో ఉండగానే రోగికి ఒక వ్యాయామాల పుస్తకం, తువ్వాళ్ళు, క్లిప్పుల్లాంటి చవక సామాను ఉన్న డబ్బా ఇచ్చి, థెరపిస్టు చూపించిన పనులను రోగి, ఇంటివారు రోజూ చేసేలా చూశారు. గ్రాస్ప్ అని దాని పేరు. నాలుగు వారాల్లో ఆ చేతులు మిగిలిన వారి చేతులకంటే బాగా పనిచేశాయి.

కానీ ఇంటివారి మీద అంతా వదిలేస్తే చాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1250 మందితో జరిగిన అటెండ్ అనే పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. ఇంటివారికి శిక్షణ ఇచ్చి వారి చేతే పునరావాసం చేయిస్తే ఎలా ఉంటుందని చూశారు. ఆరు నెలలకు చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతమే. తేడా లేదు. కూలికి వెళ్ళి వచ్చిన కోడలు రాత్రి పదింటికి మామగారి చెయ్యి మూడొందల సార్లు కదిలించాలంటే ఎలా? దగ్గర ఉండి చూపించే, తప్పు దిద్దే, వారం వారం పని మార్చే థెరపిస్టు ఉండాలి. ఇంటివారు ఆమెకు తోడు.

ఇంట్లో చేసే కొన్ని పొరపాట్లు ఇక్కడే చెప్పేస్తాం. మంచం మీంచి లేపేటప్పుడు బలహీనమైన చెయ్యి పట్టుకుని లాగకండి. పట్టు తప్పిన భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి ఉండి అసలు సాధనే చేయనివ్వదు. కూర్చున్నప్పుడు ఆ చేతి కింద దిండు పెట్టండి, వేలాడనివ్వకండి. స్పర్శ తగ్గిన చేతికి వేడినీళ్ళ సంచి పెడితే కాలినా తెలియదు. పిడికిలి బిగుసుకుపోయినవారికి బంతి కొనిచ్చి నొక్కమనడం అందరూ చేసే పని. అలాంటి చేతికి ఎక్కువగా కావలసింది తెరవడం, మూయడం కాదు. ముందు థెరపిస్టును అడగండి. మనిషి ఊరికే ఏడుస్తున్నా, సాధన వద్దని గోడవైపు తిరిగి పడుకుంటున్నా దాన్ని మొండితనం అనుకోకండి. పక్షవాతం తర్వాత దిగులు జబ్బు చాలామందికి వస్తుంది, దానికి మందు ఉంది. మూతి వంకర పోయి, చెయ్యి వాలి, మాట ముద్దగా వస్తే మాత్రం ఏ ఆలోచనా పెట్టుకోకుండా వెంటనే సీ.టీ. స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి ఉన్న సమయం నాలుగున్నర గంటలు.

మేము ఏం నిర్ణయించాం

ఇప్పటికి రోబో వద్దని నిర్ణయించాం. ఎప్పటికీ వద్దని కాదు. రోజూ ఇరవై మంది చేతి సాధనకు వచ్చి, ఇద్దరు థెరపిస్టులు పూర్తి సమయం ఉండి, బాగుచేసే మనిషి హైదరాబాద్ నుంచి ఒకటి రెండు రోజుల్లో రాగలిగే పరిస్థితి వస్తే, మన దేశంలో తయారైన చిన్న యంత్రాలను మళ్ళీ చూస్తాం. చెయ్యి అస్సలు ఎత్తలేని వారికి వందలసార్లు సాధన చేయించడంలో యంత్రానికి తన చోటు ఉంది. దాన్ని మేము కాదనడం లేదు.

ముందు కావలసింది రెండో థెరపిస్టు జీతం. తర్వాత రోగుల ఆటో చార్జీలు. వారానికి మూడుసార్లు, ఇద్దరు మనుషులు, రానూపోనూ. చాలామంది మానేస్తున్నది దీనికే, నొప్పికి కాదు. ఆ తర్వాత సాధన డబ్బా, అందులో తువ్వాలు, క్లిప్పులు, శనగల డబ్బీ, గ్లాసు, వేలి మీట, బొమ్మల పుస్తకం, రోజువారీ లెక్క రాసుకునే కాగితాలు. జకాత్ గురించి కొందరు అడిగారు. మేము సంప్రదించిన ఉలమా చెప్పినదాని ప్రకారం యంత్రాలకు, జీతాలకు జకాత్ డబ్బు వాడటం లేదు. అర్హులైన పేద రోగుల చేతికే నేరుగా ఇచ్చే ఆటో చార్జీలకు వాడుతున్నాం. రెండింటికీ రసీదు పుస్తకాలు వేరు, ఎవరైనా వచ్చి చూడవచ్చు.

బ్రోచరు తెచ్చిన దాతకు ఇదంతా చెప్పడానికి ఇద్దరం వారి ఇంటికే వెళ్ళాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "యంత్రం అయితే అమ్మీ పేరు కనిపించేది. ఆటో చార్జీ మీద పేరు ఎక్కడ రాస్తారు?" అన్నారు. దానికి మా దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పాం. పది రోజుల తర్వాత ఫోన్ చేసి, రెండో థెరపిస్టుకు ఒక సంవత్సరం జీతం తాను ఇస్తానన్నారు. ఒక్కటి మాత్రం అడిగారు. "ఆ బొమ్మల పుస్తకంలో రొట్టె తుంచి నోటిదాకా తీసుకెళ్ళడం ఉందా? లేకపోతే పెట్టండి. మా అమ్మీ అదొక్కటి వస్తే చాలనేవారు."

లేదు. మా పుస్తకంలో గ్లాసు ఉంది, దువ్వెన ఉంది, గుండీలు ఉన్నాయి, రొట్టె లేదు. థెరపిస్టు అమ్మాయి ఆ వారంలోనే దాన్ని ఐదు మెట్లుగా విడగొట్టి బొమ్మలు గీయించింది. చెయ్యి బల్ల మీద జరపడం, వేళ్ళు తెరవడం, మెత్తని గుడ్డ ముక్కను చిటికెతో పట్టడం, మోచెయ్యి మడిచి నోటి దగ్గరకు తేవడం, చివరికి నిజం రొట్టె. అది ఇప్పుడు పుస్తకంలో 3వ పేజీ. ప్రతులు ఆఫీసులో ఉన్నాయి. ఫిజియోథెరపీ గది శుక్రవారం తప్ప రోజూ ఉదయం పది నుంచి అస్ర్ వరకు తెరిచి ఉంటుంది. మీ ఇంట్లోగానీ, పక్కింట్లోగానీ అవసరమున్నవారు ఉంటే ఆసుపత్రి కాగితాలతో తీసుకురండి.